వెనక మూల గుంట

సోమవారం పొద్దున నా బల్ల మీదికి ఒక నివేదిక వచ్చింది. నలభై పేజీలు. చివరి పేజీ అడుగున ఒక చుక్కల గీత, దాని కింద ‘పరిశీలకురాలు’ అని అచ్చు. అంటే నేను. మ్యూజియం అడుగు అంతస్తులో, కిటికీ లేని పురుగుల గదిలో పదహారేళ్లుగా పనిచేస్తున్న తాత్కాలిక ఉద్యోగిని. పై అంతస్తుల వాళ్లు నన్ను పురుగులావిడ అంటారు, అదీ మొహం మీదే. నేను పరిశీలించని వాటి మీద నా చేత పరిశీలకురాలిగా సంతకం పెట్టించుకోవడం ఆ భవనంలో కొత్తేమీ కాదు. అందుకని టీ తాగుతూ తాపీగా చదవడం మొదలుపెట్టాను.

ముప్పై తొమ్మిది పేజీలు ఊకదంపుడు. అసలు సంగతి ఆఖరి పేజీలో నాలుగు వాక్యాల్లో ఉంది. ఊరి చివర నీళ్ల ట్యాంకు వెనకున్న మడుగును మట్టి పోసి పూడ్చి, అక్కడ బస్సుల షెడ్డు కడతారట. ఆ మడుగు ఒడ్డున ఒక అరుదైన పెంకు పురుగు ఉన్న మాట నిజమేనట. కానీ అదే పురుగు మరో పదకొండు చోట్ల కూడా దొరికింది కాబట్టి దాన్ని ఇక అరుదైనదిగా చూడనక్కర్లేదట. వచ్చే సోమవారం నుంచి మట్టి లారీలు వస్తాయట. ఆ పదకొండు చోట్లా పురుగును కనిపెట్టిన మనిషి ఒక్కడే, పదకొండు సార్లూ పేపర్లో ఫొటో వేయించుకున్నదీ ఆయనే. ఆయనకు మా పిన్ని ముప్పై ఏళ్ల కిందటే ఒక పేరు పెట్టింది: మహానుభావుడు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. నాకు ముందు ఆ పురుగుల గది ఆమెదే. నాకు అక్షరాలు నేర్పింది బడి అయితే, పురుగుల కాళ్లు లెక్కపెట్టడం నేర్పింది పిన్ని. ఇప్పుడు ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఆమె కళ్లు బాగా మసకబారిపోయాయి. మనుషుల్ని గొంతును బట్టి పోల్చుకుంటుంది, వాళ్లను తిట్టడానికి అది చాలునంటుంది.

మా గది పని తెలియని వాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ప్రతి పురుగునూ ఒక సన్నని సూదికి గుచ్చుతాం. పురుగు కింద అదే సూదికి గోరంత చీటీ గుచ్చుతాం. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఎవరు గుర్తించారు, ఎలా గుర్తించారు, ఇవి ఆ చీటీ మీద ఉంటాయి. తర్వాత ఇంకెవరైనా చూసి, ఇది వేరే రకం అంటే, ఆ మాట ఇంకో చీటీ మీద రాసి దాని కింద గుచ్చుతారు. పాత చీటీ ఎంత తప్పుదైనా తీయకూడదు. మాకున్న పెద్ద నియమం ఇదొక్కటే. దాన్ని మహానుభావుడు తన భాషలో రాయించి, ఫ్రేము కట్టించి మా గోడకు తగిలించాడు: ‘పూర్వ చీటికలను ఎట్టి పరిస్థితులయందును తొలగింపరాదు.’ కింద ఆయన సంతకం, సంతకం వెనక నాలుగు డిగ్రీలు.

ఆ ఫ్రేము తగిలించిన మనిషే, అంతకు కొన్నేళ్ల ముందు ఒక పురుగు చీటీని సూది నుంచి పీకి చెత్తబుట్టలో పడేశాడు. ఆ చీటీ మా పిన్నిది.

ముప్పై ఒక్క ఏళ్ల కిందట పిన్ని ఆ మడుగు ఒడ్డున ఈ పురుగును పట్టింది. నల్లగా, వేలి గోరులో సగం ఉంటుంది. ఎండలో అటూ ఇటూ తిప్పితే వీపు మీద కాస్త రాగి రంగు తేలుతుంది. దీనికి ఒక మామూలు చుట్టం ఉంది. అది ప్రతి పార్కులో, ప్రతి పూలకుండీ కిందా ఉంటుంది, రెండూ చూడ్డానికి అచ్చం ఒకటే. తేడా అంతా ఒకే ఒక్క చోట ఉంది. పురుగు తల వెనక, మెడ మీద ఒక పలక ఉంటుంది. మామూలు దానికి ఆ పలక వెనక మూలల్లో సూదిమొనతో పొడిచినంత గుంట, గుంటలోంచి లేచిన ఒక్క వెంట్రుక. మడుగు పురుగుకు ఆ మూలలు నున్నగా ఉంటాయి, గుంటా లేదు, వెంట్రుకా లేదు. ఈ సంగతి మొదట పట్టుకున్నది పిన్ని. చీటీ మీద రాసి, సూదికి గుచ్చి, పెద్ద చిత్తుప్రతి కూడా తయారుచేసి, తప్పులేమైనా ఉంటే దిద్దుతాడు కదా అని పై అధికారికి ఇచ్చింది. ఆ పై అధికారే మహానుభావుడు. ఏడాది తిరిగేసరికి ఆ చిత్తుప్రతి లావుపాటి గ్రంథమై బయటికొచ్చింది. అట్ట మీద ఆయన పేరు. లోపల పిన్ని పేరు ఎక్కడా లేదు. సూది మీద కూడా అప్పటికే ఆయన చీటీ చేరింది.

పిన్ని ఒంటికాలి మీద లేచి గొడవేమీ చెయ్యలేదు. చెత్తబుట్టలోంచి తన చీటీ ఏరుకుని కళ్లజోడు పెట్టెలో దాచుకుంది. గ్రంథాన్ని ఒక్క పేజీ కూడా తిప్పకుండా తెచ్చి, ఇంట్లో భోజనాల బల్లకు ఒక కాలు పొట్టిగా ఉంటే దాని కింద పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆ గ్రంథం మా ఇంటికి చేసిన మేలు అదొక్కటే. నిజం చెప్పొద్దూ, ఆ పని మాత్రం బాగానే చేసింది.

మహానుభావుడి పదకొండు పురుగులు ఆయన సొంత బీరువాలో, తాళం వెనక ఉండేవి. పదహారేళ్లలో నేను వాటిని చూసిన పాపాన పోలేదు. పరిశీలకురాలిగా సంతకం పెట్టాలంటే పరిశీలించాలి కదా అని పై అంతస్తు ఆఫీసరుకు రాసి పంపాను. ఆఫీసరుకు పురుగులంటే తెలియదు, తాళంచెవి ఇస్తే కొంపలు అంటుకుంటాయని అసలు తెలియదు. పావుగంటలో పంపించేశాడు.

మొదటి పురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టాను. వెనక మూలలో వెంట్రుక లేదు. గుంట మాత్రం ఉంది, నిక్షేపంలా ఉంది. రెండోదీ అంతే. మూడోదానికి ఒక పక్క వెంట్రుక మొదలు విరిగి ఇంకా గుంటలోనే ఉంది. సాయంత్రానికి పదకొండూ చూసేశాను. పదకొండూ పూలకుండీల కింద తిరిగే మామూలు చుట్టాలే, కాకపోతే ముసలివై వెంట్రుకలు రాలిన బట్టతల సరుకు. పిన్ని నాకు మొదటి రోజే చెప్పిన మాట ఇది: వెంట్రుక రాలిపోతుంది, గుంట రాలదు, కాబట్టి గుంట చూడు. మరి ఈ పెద్దమనిషి పిన్ని చిత్తుప్రతిని మక్కీకి మక్కీ ఎత్తిరాసినవాడు. ఎక్కడ పప్పులో కాలేశాడో నాకు అంతుపట్టలేదు.

ఇంటికెళ్లగానే బల్ల కిందినుంచి గ్రంథం లాగాను. బల్ల ఒక పక్కకు ఒరిగి పిన్ని టీ గ్లాసు జారి ఆమె ఒళ్లో పడింది. ఆమె తిట్లు ఒక చెవిన వింటూనే దుమ్ము దులిపి, పేజీ వెతికి, గట్టిగా చదివాను. “కంఠఫలకము యొక్క పృష్ఠకోణమునందు రోమము లేనిచో దుర్లభ జాతి. కలదేని సామాన్య జాతి.”

పిన్ని తిట్లు ఆపేసింది. ఇంకోసారి చదవమంది. చదివాను. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది, దగ్గు వచ్చేదాకా నవ్వింది. చిత్తుప్రతి ఇచ్చిన రోజు ఆయన తనతో అన్నమాట అప్పుడు చెప్పింది. గుంట అనే మాట ఆయనకు బొత్తిగా రుచించలేదట. గుంటలు రోడ్ల మీద ఉంటాయమ్మా, శాస్త్రంలో ఉండవు అన్నాడట. గుంటలో ఎలాగూ వెంట్రుక ఉంటుంది కదా, రోమము అంటే నిండుగా ఉంటుందని మార్చేశాడన్నమాట. ఒక్క మాట. మిగతాదంతా తు.చ. తప్పకుండా దొంగిలించి, ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయనకు భాషాభిమానం పుట్టుకొచ్చింది.

నవ్వుతున్న పిన్ని ఉన్నట్టుండి ఆగిపోయింది.

“పదకొండూ తప్పేనా?”

“పదకొండూ.”

“అయితే ఆ మడుగు తప్ప దానికింక ఏ చోటూ లేదే.”

నేను తల ఊపాను. ఆమెకు కనిపించదని గుర్తొచ్చి, లేదని పైకి చెప్పాను. వచ్చే సోమవారం లారీలు వస్తున్నాయని కూడా చెప్పాను. అప్పటిదాకా ఆ లారీల మాట ఎత్తడానికి నాకు నోరు రాలేదు.

బుధవారం సెలవు పెట్టి మడుగు దగ్గరికి వెళ్లాను. పురుగు ఇంకా అక్కడ ఉందో లేదో తెలియకుండా ఎవరితో పోట్లాడతాం? పిన్ని తనూ వస్తానంది. వద్దంటే వినే మనిషి కాదు. చేయి పట్టుకుని గట్టు మీదికి తీసుకెళ్లి మడత కుర్చీలో కూర్చోబెట్టాను. నీళ్లు తగ్గి ఉన్నాయి. ఒడ్డు పొడవునా జమ్ము నడుం ఎత్తున పెరిగింది, నిరుటి జమ్ము వంగి, విరిగి, బురదలో పడి కుళ్లుతోంది. దాని మధ్యలో సర్వే వాళ్లు పాతిన మేకులు, మేకులకు ఎర్ర రిబ్బన్లు. నివేదికలో ఈ చోటును ‘నిరుపయోగ భూమి’ అని రాశారు. ఉపయోగపడేవి ఆ నలభై పేజీలేనని కాబోలు వాళ్ల ఉద్దేశం.

పిన్ని కూర్చున్నచోటి నుంచే నన్ను ఆడించింది. నీళ్లలో వెతకొద్దు, అది ఈదదు. పొడినేల మీద వెతకొద్దు, అది ఎండిపోతుంది. నీళ్లూ నేలా కలిసే గీత దగ్గర, కుళ్లిన జమ్ము మీద కాలేసి నెమ్మదిగా తొక్కు. నీళ్లు పైకి ఊరతాయి, కింద దాక్కున్నవి బయటికి పరుగెడతాయి. నేను తొక్కాను. చీలమండ దాకా దిగబడ్డాను. బయటికొచ్చినవన్నీ సాలీళ్లు, ఒకటీ అరా నత్తలు. గంట గడిచింది. నోటితో గాలి పీల్చి పురుగును సీసాలోకి లాగే గొట్టం ఒకటి ఉంటుంది మాకు. దాంతో నేను అప్పటికి పట్టినదల్లా బురద, అందులో సగం నా నోట్లోకే వచ్చింది.

“రంగు మారిన జమ్ము తొక్కుతున్నావా, పచ్చిదా?” అని గట్టు మీంచి కేక. పచ్చిదే తొక్కుతున్నాను మరి. శబ్దం విని పోల్చిందట. కాస్త ముందుకెళ్లి నల్లబడి మెత్తబడిన కట్ట మీద కాలేశాను. నీళ్లు పొంగాయి. కట్ట కిందినుంచి నల్లటిది ఒకటి దూసుకొచ్చి నా చెప్పు మీదెక్కి ఆగింది. పీల్చాను. సీసాలో పడింది. జేబులో ఉన్న భూతద్దంతో వెనక మూల చూశాను. బురద అంటుకుని మొదట ఏమీ కనబడలేదు. రెండోసారి కనబడింది. నున్నగా ఉంది, కడిగి బోర్లించిన గిన్నె అడుగులా నున్నగా ఉంది. ఆ తర్వాత అరగంటలో ఇంకో ఆరు చూశాను, అన్నీ నున్ననివే. ఒక్కటి ఉంచుకుని మిగతావి వదిలేశాను.

పిన్నికి చెప్పడానికి గట్టెక్కాను. నేను నోరు విప్పకముందే ఆమె ఏడుస్తోంది. ఏమైందంటే, నువ్వు తొక్కడం ఆపేసి చాలాసేపయింది కదే, దొరికి ఉంటుందనుకున్నాను అంది. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత కూడా అవి అక్కడే, అదే కుళ్లిన జమ్ము కింద ఉన్నాయి. నాకు కూడా ఏడుపొచ్చింది. బురద కాళ్లతో ఇద్దరం అక్కడే కాసేపు కూర్చున్నాం.

గురువారం పొద్దున ఆఫీసరు గదిలో సమావేశం పెట్టించాను. మహానుభావుడు వచ్చాడు. రిటైరయ్యాక సలహాదారుగా మళ్లీ వచ్చాడు, ఆయన లేకపోతే మ్యూజియం పైకప్పు కూలుతుందన్నట్టు. బల్ల మీద పదకొండు పురుగులూ వరసగా పెట్టాను, చివర నేను పట్టిన పన్నెండోది. పక్కన గ్రంథం. ఇక్కడ రోమము లేదు కదా అన్నాడాయన, మొదటి పురుగును చూసి, చిరునవ్వుతో.

“రోమం లేదు సార్. గుంట ఉంది.”

ఆయన మళ్లీ వంగి చూశాడు. రెండోది చూశాడు. మూడోది చూశాడు, విరిగిన వెంట్రుక మొదలు ఉన్నది. ఎంతసేపైనా తల ఎత్తలేదు. వెనక నుంచి చూస్తుంటే చెవులు ఎర్రబడుతున్నాయి. నాలుగు డిగ్రీల మనిషి, మరీ ఏమీ తెలియనివాడు కాదు, చూస్తే తెలిసిపోయింది. ముప్పై ఏళ్లుగా చూడకపోవడమే ఆయన చేసిన పని. తలెత్తి, దీన్ని లోతుగా అధ్యయనం చెయ్యాలి అన్నాడు. నివేదిక శుక్రవారానికల్లా తేల్చాలి అన్నాడు ఆఫీసరు. నేను ఆఫీసరు వైపు తిరిగి, మడుగు ఒక్కటే దానికి చోటు, పూడిస్తే మొత్తం పోయినట్టే అని చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టుకుంటూ, గుంటో రోమమో అది మీరూ మీరూ చూసుకోండి మేడమ్, సారు ఏది రాసిస్తే నాకదే ఆధారం అన్నాడు. కాలికి మట్టి అంటకుండా బురద దాటడం ఎలాగో ఆయన్ని చూసి నేర్చుకోవాలి.

శుక్రవారం పొద్దున మహానుభావుడే స్వయంగా మెట్లు దిగి పురుగుల గదికి వచ్చాడు. వచ్చి, గోడ మీది తన ఫ్రేమును తృప్తిగా ఒకసారి చూసుకుని, ఎదురుగా కూర్చున్నాడు. చేతిలో టైపు చేసిన కాగితం. అందులో ఏముందో నేనే చదివాను. పదకొండు గుర్తింపులనూ ఉపసంహరించుకుంటున్నారు. మడుగు ఒక్కటే ఆ పురుగుకు ఏకైక ఆవాసం కనుక దాన్ని పూడ్చరాదు. ఇంతవరకు నా గుండె గంతులేసింది. ఆ కింద ఇంకో వాక్యం: ఈ పొరపాటుకు మూలం పూర్వ సహాయకురాలు ఇచ్చిన చిత్తుప్రతిలోని పదదోషమే. ఆ సహాయకురాలు మా పిన్ని, పక్కనే పేరు కూడా వేశాడు. ముప్పై ఏళ్లలో ఆమె పేరు ఆయన కాగితం మీద పెట్టడం అదే మొదటిసారి. ఘనత ఆయనదే, తప్పొచ్చేసరికి మాత్రం ఆమె గుర్తొచ్చింది.

“ఆమె గుంట అనే రాసింది సార్.”

“ఆ చిత్తుప్రతి ఇప్పుడు ఎక్కడుందమ్మా?” అన్నాడు, ఎంతో ప్రేమగా.

ఆయన దగ్గరే ఉండాలి. ఉండదని ఇద్దరికీ తెలుసు.  ఆయన మెత్తగా విడమరచి చెప్పాడు. నేను ఆమె సొంత అక్క కూతురిని, ఇప్పుడా గది నాది, నేను సంతకం పెడితే ఇక ఎవరూ వేలెత్తి చూపరు. సంతకం పెడితే సాయంత్రమే ఆర్డరు వస్తుంది, మడుగు మిగులుతుంది. పెట్టకపోతే ఆయన పదకొండూ ఆయనవే, సోమవారం లారీలు లారీలే. సాయంత్రం నాలుగింటి దాకా టైమిచ్చి వెళ్లిపోయాడు. నా ఒళ్లు ఎంత మండిందంటే, సూదుల డబ్బా మూత పెట్టబోయి వేలికి గుచ్చుకున్నాను.

మధ్యాహ్నం ఇంటికెళ్లాను. పిన్నికి అంతా చెప్పి, నేను చచ్చినా పెట్టనన్నాను. ముప్పై ఏళ్లు పేరు మింగేసినవాడు ఇప్పుడు తన చెత్త తెచ్చి నీ నెత్తిన పోస్తానంటే నా చేత్తో నేను పోయించనా అని అరిచాను. పిన్ని కళ్లజోడు పెట్టె మూత తెరుస్తూ, మూస్తూ కూర్చుంది. బల్ల ఊగుతోంది, గ్రంథం ఇంకా ఆఫీసరు గదిలోనే ఉంది.

“నాకు బాధ లేదనుకోకు,” అంది చివరికి. “కడుపు రగిలిపోతోంది. దొంగ అన్నా పడతాను గానీ, తప్పు రాశానని నన్ను ఎవరూ అనలేదే ఇంతవరకు.”

“అందుకే పెట్టను.”

“పెట్టు. నాకు మహా అయితే నిద్ర పట్టదు. ఆ మడుగు పూడిస్తే వాటికి పోవడానికి ఇంకో చోటు లేదు. ఇందులో ఆలోచించడానికేముంది?”

 ఆమె పెట్టెలోంచి ఒక చిన్న కాగితం తీసి నా చేతిలో పెట్టింది. గోరంత చీటీ, గోధుమ రంగుకు తిరిగిపోయింది, అంచులు మాసిపోయాయి. మధ్యలో సూది రంధ్రం. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి తేదీ, పిన్ని చీమల బారు లాంటి చేతిరాత. ఆర్డరు మీద ముద్ర పడేదాకా ఆగు, తర్వాత దీన్ని ఎక్కడ నుంచి పీకారో అక్కడే పెట్టు అంది. కొత్త రంధ్రం చెయ్యొద్దని కూడా చెప్పింది.

నాలుగింటికి సంతకం పెట్టాను. పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా పెట్టాను. మహానుభావుడు నా భుజం తట్టి, శాస్త్రానికి మేలు చేశావమ్మా అన్నాడు. ఆరింటికి ఆర్డరు మీద ముద్ర పడింది, పదదోషం మాటతో సహా పేపర్లోనూ వచ్చింది. సోమవారం లారీలు రాలేదు. మరో వారానికి మడుగులోని మేకులు పీకేశారు, రిబ్బన్లు మాత్రం జమ్ముకు చుట్టుకుని ఉండిపోయాయి. ముద్ర పడిన మర్నాడే నేను ముప్పై ఒక్క ఏళ్ల నాటి ఆ మొదటి పురుగును బయటికి తీశాను. పురుగు కింద మహానుభావుడి చీటీ ఉంది, తెల్లగా, డిగ్రీలతో సహా. దాని జోలికి వెళ్లలేదు, పాత చీటీలు తీయకూడదు కదా. దాని కింద పిన్ని చీటీని పాత రంధ్రంలోంచే ఎక్కించాను.

నెల తిరగకుండానే మ్యూజియంలో ప్రదర్శన పెట్టారు. ‘ఒక దుర్లభ జీవి పునరావిష్కరణ’ అని బ్యానరు. బడి టీచర్లు, పేపర్ల వాళ్లు, పై అంతస్తుల వాళ్లు, అందరూ మొదటిసారి పురుగుల గదిలోకి దిగి ముక్కులు మూసుకున్నారు. మధ్యలో బల్ల మీద ఆ ఒక్క పురుగు, పైన పెద్ద భూతద్దం. మహానుభావుడు ఉపన్యాసం దంచుతున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను, అతిథుల గొడుగులు పట్టుకుని.

ఆఫీసరు భూతద్దంలోంచి చూసి మొహం చిట్లించాడు. శుభ్రత అంటే ఆయనకు ప్రాణం.

“సార్, అడుగున ఏదో పాత కాగితం మాసిపోయి అసహ్యంగా ఉంది. తీయించెయ్యనా?”

“వద్దు వద్దు,” అన్నాడు మహానుభావుడు, ఇటు తిరిగి చూడనైనా చూడకుండా. చెయ్యెత్తి గోడ మీది ఫ్రేము చూపించాడు. పూర్వ చీటికలను ఎట్టి పరిస్థితులయందును తొలగింపరాదని, దాన్ని రాసింది తానేనని, శాస్త్రంలో మనిషి మాట కన్నా పాత చీటీయే పెద్ద సాక్ష్యమని అయిదు నిమిషాలు చెప్పాడు. పేపర్ల వాళ్లు రాసుకున్నారు. వాళ్ల పక్కన నిలబడ్డ ఒక టీచరు, లావుపాటి కళ్లజోడావిడ, అంత సాక్ష్యమైతే ఏముందో చూద్దామని భూతద్దం మీదికి వంగింది. బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది.

“మడుగు ఒడ్డు, కుళ్లిన జమ్ము కింద. మెడ పలక వెనక మూల గుంట లేదు. వెంట్రుకను నమ్మొద్దు, రాలిపోతుంది.”

తర్వాత తేదీ చదివింది. ఆ తర్వాత పిన్ని పేరు చదివింది.

మహానుభావుడు అప్పుడు తిరిగాడు. నాలుగడుగుల్లో బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. వేళ్లు సూది దాకా వెళ్లి ఆగిపోయాయి. అందరూ ఆ వేళ్లనే చూస్తున్నారు, వాళ్ల వెనక గోడ మీద ఫ్రేము ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“గుంట అంటే ఏమిటండీ?” అని అడిగింది టీచరు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. రోమము ఉండు చోటు అన్నాడు, ఎవరికీ వినబడనంత మెల్లగా. అయితే ఈవిడకి ముప్పై ఏళ్ల కిందటే సరిగ్గా తెలుసన్నమాట, మరి పదదోషం ఈవిడదని పేపర్లో వచ్చిందేమిటి అని టీచరు మళ్లీ అడిగింది. ఆఫీసరు నా వైపు చూశాడు. నేను గొడుగులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆ ప్రశ్నకు జవాబు ఆ గదిలో ఇద్దరికే తెలుసు, ఇద్దరమూ చెప్పలేదు. పేపర్ల వాళ్లలో ఒకావిడ మాత్రం చీటీని మూడు ఫొటోలు తీసుకుంది.

ఫైలులో తప్పు ఈ రోజుకీ పిన్నిదే. దాని మీద నా సంతకం కూడా ఉంది, అది తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. చీటీ మాత్రం సూది మీదే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను. మహానుభావుడి వేళ్లు ఆగిన చోటు రెండుసార్లు చెప్పించుకుంది. పురుగు కాలేమైనా విరిగిందా అని అడిగింది. లేదన్నాను. చీటీ తిన్నగా గుచ్చావా, వంకరగానా అని అడిగింది. తిన్నగానే అన్నాను.  కళ్లు తుడుచుకుని, ముందున్న టీ గ్లాసు తడిమి పట్టుకుంది. బల్ల ఊగి గ్లాసు గలగలమంది.

“ఆ పుస్తకం తెచ్చావా? నెల్లాళ్లుగా ఈ బల్లతో చస్తున్నాను.”

తెచ్చాను. ఆఫీసరు గదిలోంచి అడిగి మరీ తెచ్చాను. సంచిలోంచి గ్రంథం తీసి, ఆయన పేరున్న అట్ట కిందికి వచ్చేలా తిప్పి, పొట్టి కాలి కిందికి తోశాను. బల్ల ఊగడం ఆగింది.